మొదలు కిందికి

ఆ కుర్చీ వద్దు బాబూ, దాని వెనక కాలు ఊగుతుంది. ఇటు మంచం మీద కూర్చో. ఊఁ, ఇప్పుడు చెప్పు. ఏవిటీ, వలందపాలెంలో మ్యూజియం చేస్తున్న ఇంటి గురించా? నీలం బోర్డు ఇల్లేనా? త్రిపురసుందరమ్మగారిల్లు అనాలయ్యా దాన్ని, మీ కాయితాల్లో ఏ నెంబరు వేసుకున్నారో నాకు తెలీదు గానీ. అవును, ఉన్నాను. వీధివైపు గదిలో పదకొండేళ్ళు అద్దెకున్నాను. యాభై ఎనిమిదిలో చేరాను, అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు, పెళ్ళి కాలేదు, గుమాస్తా ఉద్యోగం కొత్త. ఫోన్లో ఫోటోలు తెచ్చావా? తర్వాత చూస్తాలే, కళ్ళజోడు ఎక్కడ పెట్టానో ఏవిటో. ముందు నువ్వు రాసుకొచ్చింది చదువు. "డచ్చివారి కాలం నాటి టేకు కిటికీలు, రెండు వందల ఏళ్ళ పైబడినవి, నేటికీ చెక్కు చెదరలేదు." హహ్హ! నవ్వుతున్నానని ఏం అనుకోకు నాయనా. నీ తప్పేం లేదు. శోభనాద్రి వింటే ఎలా ఉండేదా అని నవ్వొచ్చింది.

ఎవరా? మరేఁ, నీకెలా తెలుస్తుందిలే, నువ్వు పుట్టడానికి ముప్ఫై ఏళ్ళ ముందే పోయాడాయన. వడ్రంగి. శోభనాద్రాచారి. పొడుగ్గా, ఎండిపోయి, చెవి మీద ఎప్పుడూ ఓ పెన్సిలు ముక్క. మనుషులతో మాట్లాడ్డం తక్కువ, కర్రతో మాట్లాడ్డం ఎక్కువ. నిజంగానేనయ్యా! చిత్రిక పట్టేటప్పుడు చెక్కని తిట్టేవాడు. "ఎటు పోతావే? ఎటు పోతావు? నీ అయ్య అడవిలో పెరిగావనుకున్నావా? ఇది బందరు. ఇక్కడ వంకర తిరిగితే కుదరదు." ఆ తిట్లు వింటూ నేను నా గదిలో షేవింగు చేసుకునేవాణ్ణి. ఓసారి నవ్వాపుకోలేక గడ్డం కోసుకున్నాను కూడా, ఇదిగో ఇక్కడ... ఇప్పుడు కనపడదులే, ముడతల్లో కలిసిపోయింది.

సరే, ముందు కిటికీల సంగతి చెప్పాలి, లేకపోతే నీకర్థం కాదు. ఆ ఇంటికి ఏడు కిటికీలు. మనిషెత్తువి, నేలదాకా. రెక్కలకి అడ్డంగా సన్నటి చెక్క పలకలు, మధ్యలో ఓ నిలువు పుల్ల. ఆ పుల్ల పైకి నెడితే పలకలన్నీ ఒక్కసారి తెరుచుకునేవి, కిందికి లాగితే మూసుకునేవి. ఎండ రాదు, గాలొస్తుంది. కట్టినవాడు ఎవడో వలందా దొరట, అదే మీ డచ్చివాడు, ఓడల వ్యాపారం. వాడి తర్వాత ఎవరెవరి చేతులు మారిందో, చివరికి రాధాకృష్ణమూర్తి మేష్టారి తాతగారు కొన్నారు. మేష్టారు మా ఊళ్ళో లెక్కలు చెప్పేవారు. నేను చేరేసరికే పోయారాయన. మిగిలింది ఆయన భార్య ఒక్కరే, త్రిపురసుందరమ్మగారు. పిల్లల్లేరు. నోట్లో నాలుక లేని మనిషి అనుకునేవాళ్ళు అందరూ, తప్పు. నాలుక ఉంది, మాట్లాడ్డానికి ఊపిరి ఉండేది కాదు. ఉబ్బసం. మాట మధ్యలో ఆగిపోయి, చెయ్యెత్తి "ఉండు" అని సైగ చేసి, రెండు గుక్కలు గాలి పీల్చుకుని అప్పుడు మిగతాది చెప్పేవారు. తిట్టినా అంతే. "అచ్యుతరావూ, నువ్వు... ఉండు... వెధవవి." అంత వెయిట్ చేశాక ఆ మాట వినడానికి భలే ఉండేది.

ఆవిడకి మందేవిటయ్యా అంటే గాలి. డాక్టర్లిచ్చిన పొగలూ పొడులూ అన్నీ ఒక ఎత్తు, పడగ్గదిలో తూర్పు కిటికీ ఒక ఎత్తు. మంచం తలాపు దానికి ఆనించి వేసుకునేవారు. మధ్యాన్నం మూడింటికి సముద్రం మీంచి గాలి తిరుగుతుంది చూడూ, ఇప్పుడంటే ఏసీల్లో కూర్చుని మీకు తెలీదు గానీ, గిలకలదిండి వైపునుంచి అది వచ్చేదాకా ఆవిడ మంచం మీద నిటారుగా కూర్చుని చూసేవారు. వచ్చాక పడుకునేవారు. అంతే వైద్యం.

యాభై తొమ్మిదిలోనే అనుకుంటా, రక్షిత కట్టడం అని ఆ నీలం బోర్డు పెట్టారు. ఏ ఆఫీసు అని అడక్కు, అందరూ పోయారు, ఇప్పుడెందుకు. ఘంటసాలలో బౌద్ధుల దిబ్బ చూడ్డానికి వచ్చిన పెద్ద ఆఫీసరుగారు దారిలో బందరు దిగి, ఈ ఇల్లు చూసి, "అబ్బ! అపూర్వం!" అన్నారట. ఆయన వెంట గుడివాడ కుర్రాడొకడు, సత్యవేదం అని, బొమ్మలు గీసేవాడు. వారం రోజులు ఉండి ఏడు కిటికీలూ కొలిచి గీశాడు. నేల మీద పడుకుని మరీ గీశాడు. ఎంత శ్రద్ధంటే పడగ్గది కిటికీ చట్రంలో నిలువు కర్రకి ఓ ముడి ఉంది, కొమ్మ మొలిచిన చోట ఉంటుంది చూడు, పాత రూపాయి బిళ్ళంత, పైనుంచి మూరెడు కిందికి. ఏడు కిటికీల్లోనూ ముడి ఉన్న కర్ర అదొక్కటే. అది కూడా వేశాడు బొమ్మలో. ఆవిడ మురిసిపోయి నాకు చూపించారు, "చూశావా, నా... ఉండు... నా కిటికీకి ఫోటో తీసినట్టు తీశాడు" అని. ఆ ముడి గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తుంది.

బోర్డు పెట్టినప్పుడు వీధి వీధంతా వచ్చి చూశారు. ఏదో బిరుదిచ్చినట్టే ఉంది. ఆ తర్వాత తెలిసింది అసలు సంగతి. మన ఉప్పుగాలికి ఏ కర్ర ఆగుతుంది చెప్పు? పైగా చెదలు. కార్తీకంలో వాయుగుండం పట్టి, హాల్లో కిటికీ రెక్క ఒకటి ఊడి వీధిలో పడింది. పాపం ఆవిడ ఓ మామిడిచెక్క కొట్టించారు దానికి, వాన రాకుండా. ఆఫీసరుగారు వచ్చారు. అయ్య బాబోయ్, ఆ కేకలు! "ఎవరిని అడిగి చేశారమ్మా? ఇది రక్షిత కట్టడం! పుల్ల కదిలిస్తే జైలు తెలుసా మీకు?" ఆవిడేమో, "నా ఇంటికి నేను... ఉండు బాబూ... నేను చెక్క..." అనేలోపే ఆయన రెండో ఉపన్యాసం మొదలుపెట్టారు. చివరికి తేల్చిందేవిటంటే, కొత్తవి చేయించడానికి పైనుంచి శాంక్షన్ రావాలి, అది వచ్చేదాకా ఉన్న రెక్కలు ఊడి పడకుండా ఏడు కిటికీలకీ పట్టీలేసి మేకులు కొట్టెయ్యండి, తెరవొద్దు. కొట్టేశారు కూడా, మనుషుల్ని తెచ్చి. పడగ్గదితో సహా. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇల్లంతా చీకటి. ఆవిడ వీధరుగు మీద స్తంభం పట్టుకుని, మెడ చాచి కూర్చున్నారు. పగలంతా అలా అరుగు మీదే. ఆ పక్కింటి వెంకాయమ్మగారు వచ్చి, "లోపలికి రండమ్మా, ఎండ" అంటే తల అడ్డంగా ఊపుతున్నారు. శాంక్షన్ ఎప్పుడొచ్చింది అంటావా? రాలేదయ్యా. నాకు తెలిసి ఇప్పటికీ రాలేదు.

నేనే వెళ్ళి శోభనాద్రిని పిలుచుకొచ్చాను. రెక్క పడినప్పుడు ఆ మామిడిచెక్క కొట్టింది ఆయనే మరి. వచ్చి అన్ని కిటికీలూ వేలితో కొట్టి చూశాడు. బయటినుంచి బాగానే ఉన్న చెక్కలోకి ఉలి దిగిపోతోంది, లోపలంతా గుల్ల. ఆవిడ వంక చూశాడు. నన్ను పక్కకి పిలిచి, "పంతులుగారూ, ఆ ఆఫీసరు దొర ఇచ్చిన కాయితం ఉందిగా, చదవండి" అన్నాడు. ఆయనకి చదువు రాదు. చదివాను. "మళ్ళీ చదవండి." చదివాను. "ఆ చివరిది ఇంకోసారి." చివరిదేవిటంటే, "ఉన్నవాటికి మరమ్మతు చేసుకొనవచ్చును, మార్పు చేయరాదు" అని ఉంది. ఆయన చెవి మీది పెన్సిలు తీసి గోక్కుంటూ, "పంతులుగారూ, కిటికీలో ఒక్క పలక మారిస్తే అది మరమ్మతా, మార్పా?" అన్నాడు. మరమ్మతే అన్నాను. "ఆ తర్వాత నెల ఇంకో పలక మారిస్తేనో?" అదీ మరమ్మతే. "అట్టాగే ఆ పై నెల..." అని ఆగి నా మొహం చూశాడు. అప్పుడర్థమైంది నాకు. గుమాస్తా బుర్ర కదా, కాయితంలో సందు కనపడితే పండగ! "ఏ నెల చేసింది ఆ నెల మరమ్మతే ఆచారిగారూ" అన్నాను. తిలాపాపం తలా పిడికెడు. నా పిడికెడు అది.

ముందు పడగ్గదిదే. ఆ మేకులు పీకుతుంటే ఆవిడ భయపడి, "జైలు అన్నాడయ్యా ఆయన... ఉండు... నిన్ను కూడా" అన్నారు. "మేకు కొట్టినోడి మీద లేని కేసు పీకినోడి మీదా అమ్మగారూ?" అన్నాడు. ఏడు పలకలు పుచ్చిపోతే ఏడూ మార్చి, పుల్ల సరిచేసి, పైకి నెట్టాడు. సరిగ్గా గాలి తిరిగే వేళ. ఆవిడ మంచం మీద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. ఓ పది గుక్కలు పీల్చారు. కళ్ళమ్మట నీళ్ళు. నేను, ఆయన బయటికొచ్చేశాం. ఎందుకో ఇద్దరికీ అక్కడుండటం మర్యాద కాదనిపించింది.

అక్కణ్ణుంచి నాలుగేళ్ళు. నాలుగేళ్ళయ్యా! ఓ నెల పలక, ఓ నెల బద్ద, ఓ నెల రెక్కకి నిలువు చెక్క. కొత్త టేకు తేలేదు, ఇట్టే దొరికిపోతాం. దివిసీమలో అవనిగడ్డ అవతల పాత లోగిలి ఒకటి పడగొడుతున్నారని విని వెళ్ళి, బర్మా టేకు దూలాలు బండి మీద తోలుకొచ్చాడు. పాత కర్ర పాత కర్రలాగే ఉంటుంది. దాన్ని కోసి, కొత్తగా కనపడే చోట అవిసె నూనె, దీపపు మసి, ఇంకా ఏవిటేవిటో పూసేవాడు. పాత మేకులు, పాత బందులే మళ్ళీ వాడాడు. పాత పలక మీద వలందా వడ్రంగి ఉలి జారి గీత పడి ఉంటే, కొత్త పలక మీద అదే గీత పెట్టాడు. "వాడి తప్పు నేనెందుకు చేస్తున్నానో నాకే తెలవట్లేదు పంతులుగారూ" అని సణుక్కుంటూ. అన్ని రోజులూ ఆ ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు. ఆవిడ కాఫీ ఇవ్వబోతే, "మాకూ జంధ్యం ఉందండి. మీ ఇళ్ళల్లో మేం పుచ్చుకోం" అని తన చెంబు తను తెచ్చుకునేవాడు. వాళ్ళ పట్టింపు అది, పూర్వంనుంచీ. ఆవిడ చిన్నబుచ్చుకునేవారు. "నేనేం అంటాననీ... ఉండు... అంత పౌరుషం" అని నాతో అనేవారు. కానీ పౌరుషం ఆవిడదీ తక్కువేం కాదు. రోజూ ఇవ్వబోయేవారు, రోజూ ఆయన వద్దనేవాడు.

అన్నీ అయిపోయి చివరికి ఒకటి మిగిలింది. పడగ్గది కిటికీ చట్రంలో ఆ ముడి ఉన్న నిలువు కర్ర. చెద తినేసి నిలువునా బోలు. దానికి దాపు కర్ర కట్టి నాలుగేళ్ళు లాగాడు, ఎందుకంటే అదే చోట ముడి ఉన్న కర్ర దొరకాలి కదా! బొమ్మలో ఉంది మరి. ఆఫీసు వాళ్ళు వస్తున్నారని కబురొచ్చింది, మూడు వారాల్లో. శోభనాద్రి మళ్ళీ దివిసీమ పోయి, దూలాలన్నీ తిరగేసి, ఒక చివరనుంచి సరిగ్గా మూరెడు దూరంలో ముడి ఉన్న దుంగ పట్టుకొచ్చాడు. నాకు చూపించి మొదటిసారి నవ్వాడు. పళ్ళు చూశాను ఆ రోజు. "దొరికింది పంతులుగారూ, ఇంక వాడి తాత రావాలి కనుక్కోవడానికి" అన్నాడు.

మర్నాడు ఆదివారం. పాత కర్ర ఊడదీశాడు. దాన్ని వేలి మీద పెట్టి తూచాడు, అటు ఊపి ఇటు ఊపి. కర్రలో రేఖ ఎటు పోతోందో చూశాడు. ఉన్నట్టుండి, "ఓరి వీడి దుంప తెగ!" అని ఒక్క కేక. నేను పరిగెత్తుకెళ్ళాను. "చూశారా? మొదలు పైకి పెట్టాడండీ! చెట్టు తలకిందులుగా నిలబెట్టాడు!" నాకేం అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. నిలువుగా పెట్టే కర్ర ఏదైనా సరే, ద్వారబంధం కానీ, స్తంభం కానీ, చెట్టు ఎలా పెరిగిందో అలాగే నిలబెట్టాలి. వేళ్ళ వైపు మొదలు, అది కిందికి. కొమ్మల వైపు చివర, అది పైకి. తలకిందులు కర్ర ఇంట్లో ఉంటే ఆ ఇంట్లో మనిషికి కుదురుండదు, ఊపిరి తిరగదు. వాళ్ళ తాతల నాటి మాట. "రెండొందల ఏళ్ళనుంచి ఈ చెట్టు తల కింద పెట్టి కాళ్ళు పైన పెట్టి నిలబడుందండీ. అమ్మగారి తలాపున! ఆ తల్లికి ఊపిరాడమంటే ఎక్కడాడుద్ది?"

సరే ఇంకేం, కొత్తది సరిగ్గా పెట్టండి అన్నాను. ఆయన తను తెచ్చిన దుంగ వైపు చూశాడు. నేనూ చూశాను. అప్పుడు తట్టింది నాకు. ముడి మొదలు వైపు ఉంది. తలకిందులుగా పెడితేనే ముడి పైనుంచి మూరెడు కిందికి వస్తుంది, బొమ్మలో ఉన్నట్టు. సరిగ్గా పెడితే అడుగున, నేలనుంచి మూరెడు పైన వస్తుంది. ఆఫీసు వాళ్ళు బొమ్మ పట్టుకుని రెండు వారాల్లో దిగుతారు. "ఆచారిగారూ, ఉన్నది ఉన్నట్టు పెట్టేయండి, ఈ ఒక్కదానికి పట్టింపులొద్దు" అన్నాను. బతిమాలాను. "దొరికిపోతే ఈ ఒక్కటీ కాదు, అన్నీ తవ్వుతారు. నాలుగేళ్ళ కష్టం. మళ్ళీ మేకులు కొట్టేస్తారు. మీరు జైలుకి, ఆవిడ అరుగు మీదికి." వింటున్నాడు. చిత్రికకి పదును పెట్టుకుంటున్నాడు. "మీరు చదువుకున్నోళ్ళు పంతులుగారూ, మీరు చెప్పింది నిజమే. నేను పెట్టను" అన్నాడు. "వలందావోడికి తెలవక పెట్టాడు. తెలిసి తలకిందులుగా నిలబెడితే ఈ చేతులెందుకు నాకు?" కోపమొచ్చింది నాకు. మూర్ఖుడన్నాను. అన్నాను, ఎదురుగానే అన్నాను. ఆవిడని అడుగుదాం పదండి అని లోపలికి లాక్కెళ్ళాను. ఆవిడ అంతా విని, "అచ్యుతరావూ, కర్ర... ఉండు... కర్ర గురించి నీకు తెలుసా, అతనికి తెలుసా?" అన్నారు. "నా తలాపు. అతని చెయ్యి. నువ్వు ఊరుకో." అంతే, అయిపోయింది. మొదలు కిందికే పెట్టాడు. పసుపు రాసి బొట్టు పెట్టి మరీ పెట్టాడు, ఆ పసుపు తుడవడానికి నాకు సగం రోజు పట్టింది.

వచ్చారు. అరవై నాలుగు, ఫాల్గుణం. అదే ఆఫీసరుగారు, కాస్త పొట్ట పెరిగింది. వెనకాల చుట్టచుట్టిన బొమ్మలు పట్టుకుని సత్యవేదం. మేకులు పీకి ఉన్నాయేవిటని కస్సుమనబోయి, హాల్లో కిటికీ చూసి ఆగిపోయారాయన. పుల్ల నెట్టారు, పలకలు తెరుచుకున్నాయి. లాగారు, మూసుకున్నాయి. చిన్నపిల్లాడికి బొమ్మ దొరికినట్టు నాలుగుసార్లు ఆడించారు. "మార్వలస్! చూశారా, ఇదీ పనంటే! రెండొందల ఏళ్ళు! కాస్త నూనె రాస్తే మళ్ళీ ప్రాణమొచ్చింది. మనవాళ్ళకి చేతనవుతుందా ఇది? ఇప్పటి వడ్రంగులకి నాలుగు మేకులు కొట్టి కూలి పుచ్చుకోవడం తప్ప ఏం వచ్చు?" అని, పక్కన తువ్వాలు చేత్తో పట్టుకుని నిలబడ్డ శోభనాద్రిని చూసి, "ఏవయ్యా, నువ్వు వడ్రంగివేగా? చెయ్యగలవా ఇట్లాంటిది?" అన్నారు. బాబూ, నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడకీ మండింది. "బాబూ, అవి చేసింది..." అని లేవబోయారు, దగ్గు తెర కమ్మింది, మాట రాలేదు. శోభనాద్రి ఒక్క క్షణం ఆ కిటికీ వంక చూశాడు. "ఎక్కడండీ," అన్నాడు. "మావల్ల ఎక్కడవుద్ది." నేనేం చేశానంటావా? ఏం చెయ్యలేదు. నోరు మూసుకుని నిలబడ్డాను. చెప్తే కొంప మునుగుతుంది, నిజమే. అయినా అరవై ఏళ్ళ పైబడి అదే గుర్తొస్తుంది నాకు. ఆయన అలా అంటుంటే నేను నా చెప్పులు చూసుకుంటూ నిలబడ్డం.

ఆఫీసరుగారు హాల్లోనే ఉండి ఏదో రాసుకుంటున్నారు. సత్యవేదం ఒక్కో గదిలో బొమ్మతో సరిచూసుకుంటూ పడగ్గదికి వెళ్ళాడు. వెనకాల నేను, శోభనాద్రి. ఆవిడ మంచం మీద. బొమ్మ విప్పాడు. చట్రం పైన మూరెడు దగ్గర వేలు పెట్టాడు. ముడి లేదు. బొమ్మ చూశాడు, కర్ర చూశాడు. మెల్లిగా వేలు కిందికి జార్చుకుంటూ, జార్చుకుంటూ, గొంతుకూర్చుని, అడుగున ముడి మీద అరచెయ్యి పెట్టాడు. ఆవిడ గొంతులో పిల్లికూత ఒక్కటే వినిపిస్తోంది గదిలో. తల తిప్పి శోభనాద్రి చేతులు చూశాడు, మొహం కాదు, చేతులు. "మొదలు కిందికుంది," అన్నాడు, మెల్లిగా. శోభనాద్రి, "ఉండాల్సింది అటేనండి" అన్నాడు. దాచలేదు, బుకాయించలేదు! అయిపోయింది, అనుకున్నాను.

హాల్లోంచి, "ఏవయ్యా, అన్నీ టాలీ అయినట్టేనా?" అని కేక. సత్యవేదం లేచాడు. జేబులోంచి రబ్బరు తీసి, బొమ్మలో పైనున్న ముడిని చెరిపేశాడు. పెన్సిలు తీసి కింద గీశాడు. మా ఇద్దరి ఎదురుగానే. ఆ బొమ్మ పట్టుకెళ్ళి, "సార్, ఒక్కచోట నాదే పొరపాటండీ. ముడి కిందుంటే అప్పట్లో పైన చూపించాను. కాయితం తిరగేసి గీసినట్టున్నాను, దిద్దేశాను" అన్నాడు. ఆయన ఊరుకుంటారా? "తాగి గీశావా? సర్కారు రికార్డయ్యా అది! మెమో ఇస్తాను నీకు!" ఇచ్చారు కూడా, తర్వాత తెలిసింది. ఆ కుర్రాడు తల వంచుకుని అన్నీ పడ్డాడు. వెళ్ళేటప్పుడు చెప్పులేసుకుంటూ శోభనాద్రితో అన్నాడు, "మా నాన్న గుడివాడలో ఎడ్లబళ్ళు చేసేవాడండీ. మొదలెటో చూడకుండా కర్ర ముట్టేవాడు కాదు. ఆ రోజు గీస్తున్నప్పుడే నాకు అనుమానమొచ్చింది, గీయడమే నా పని కదా అని ఊరుకున్నాను." అంతే, జీపెక్కాడు. మళ్ళీ చూళ్ళేదు నేనాయన్ని.

వాళ్ళు వెళ్ళాక శోభనాద్రి అరుగు మీద కూలబడ్డాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. ఆవిడ గోడ పట్టుకుంటూ బయటికి వచ్చారు. ఆయన తల ఎత్తకుండా, "అమ్మగారూ, కాసిని మజ్జిగ ఇప్పించండి" అన్నాడు. నాలుగేళ్ళల్లో మొదటిసారి. నేను తెస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు. తనే వెళ్ళి, ఉప్పేసి, నిమ్మాకు నలిపి, వెండి గ్లాసులో తెచ్చి చేతికిచ్చారు. తాగాడు. గ్లాసు కడగబోతే ఆవిడ లాక్కున్నారు.

ఉబ్బసం తగ్గిందా? నువ్వు ఇది అడుగుతావనుకున్నాను. తగ్గలేదయ్యా. అట్లా తగ్గితే డాక్టర్లెందుకు? కానీ ఆవిడ మాత్రం అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ, "సగం తగ్గింది" అని చెప్పేవారు, మాట మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుంటూ. ఇంకో తొమ్మిదేళ్ళు బతికారు. ఆ కిటికీ తెరిచి ఉండగానే పోయారు. శోభనాద్రి ఆవిడకన్నా ముందే, అరవై తొమ్మిదిలో, జ్వరం వచ్చి. డెబ్బై ఏడు ఉప్పెనలో ఊరంతా పెంకులెగిరిపోయాయి, చెట్లు పడిపోయాయి. నేను నీళ్ళల్లో నడుచుకుంటూ వెళ్ళి చూశాను, ఆ ఏడు కిటికీల్లో ఒక్క పలక కదల్లేదు. ఎవరికి చెప్పను? చెప్పుకోవాల్సిన ఇద్దరూ లేరు. ఒక్కణ్ణే అరుగు మీద కూర్చుని ఏడ్చాను.

ఎవరికీ చెప్పలేదు ఇన్నాళ్ళూ. ఇప్పుడు నీకెందుకు చెప్పానంటే, నీ కాయితంలో ఆయన పేరు లేదు. రాస్తావో మానుతావో నీ ఇష్టం. ఏదీ, ఆ ఫోన్ ఇటు పెట్టు. కళ్ళజోడు దిండు కిందే ఉంది, ఇందాకణ్ణుంచీ దాని మీదే కూర్చున్నాను. ఊఁ, హాలు. ఇది వీధి గది, నాది. నూనె బాగా పట్టించారే, మెరుస్తోంది. ఇది పడగ్గదిదేనా? తూర్పుది? ఇదేవిటి... ఫోన్ తిరగేసి పట్టుకున్నావా? కాదూ? అవును, నేల కిందే కనపడుతోంది. మరి ముడి పైనుందేవిటి? పోయిన నెల విప్పారా? అన్నీ విప్పి, చెద మందు కొట్టి, మళ్ళీ బిగించారు. ఊఁ. ఎవరు బిగించింది? కాంట్రాక్టరు మనుషులు. ఊఁ. పైకీ కిందికీ ఒకటే కొలత, ఎటైనా పడుతుంది, నిజమే. లేదులే, అక్కడిప్పుడు ఎవరూ పడుకోరు, నాకు తెలుసు. మ్యూజియం చేస్తున్నారు, చెప్పావుగా.

ఆ మూలనున్న చేతికర్ర ఇలా అందుకో, అక్కడికే పోదాం. చెప్పులు గుమ్మం దగ్గరున్నాయి చూడు.